వెల్లకిలా పడుకున్న చిన్ని

పెళ్లయి కదిరికి కాపురానికి వచ్చిన మూడో నెలలో జరిగింది ఇది. నాకు టరాంటులాలను, అంటే అరచేతంత ఉండే బొచ్చు సాలీళ్లను పెంచడం ఇష్టం. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నప్పుడు మొదలైంది ఆ సరదా. నాతోపాటు నా సాలీడు చిన్ని కూడా గాజుపెట్టెలో అత్తవారింటికి వచ్చింది. మా అత్త ఆ పెట్టె ఛాయలకే వచ్చేది కాదు.

ఒకరోజు పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి పెట్టె లేదు. పెరట్లోకి పరుగెత్తాను. అత్త ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, పెట్టెను చెత్తబుట్ట మీదికి వంచుతోంది.

"నీ పురుగు సచ్చిపోయినాదమ్మా, పారేస్తాండా" అంది.

చిన్ని వెల్లకిలా పడి ఉంది. కానీ చచ్చిన సాలీడు కాళ్లు ముడుచుకుంటుంది. చిన్ని కాళ్లు చాచి ఉన్నాయి.

"ఆగత్తా! అది చావలేదు, పాత చర్మం విడుస్తోంది!" అని అరిచాను. ఆ అరుపుకు పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగి చూశారు.

పెట్టెను మెల్లగా అందుకుని అరుగు మీద పెట్టాను. నాకూ లోపల భయమే. చాలాసేపటికి చర్మం పగిలింది. బిగుతు రవికలోంచి చేతులు లాగుకున్నట్టు, చిన్ని ఎనిమిది కాళ్లూ కొంచెం కొంచెంగా బయటికి లాక్కుంది.

అత్త కొంగు వదిలేసి పెట్టె మీదికి వంగింది. "ఇంకొంచెం లాగు తల్లీ, అయిపోయినాది" అంటోంది సాలీడుతో!

"ఏమక్కా, యాడిదది?" అని పక్కింటావిడ అడిగింది.

"మాదే. నేనూ మా కోడలూ సాకుతాండాం" అంది అత్త.

ఆ ఇల్లు నాది కూడా అని నాకు మొదటిసారి అనిపించింది ఆ క్షణంలోనే.