గోకర్ణం వానలో మా హిందీ

ఉద్యోగం మానేసి వీపున సంచి తగిలించుకుని తిరుగుతున్న ఐదో నెలలో, గోకర్ణం దగ్గర వానకు దొరికిపోయాను. సముద్రం ఒడ్డున కొబ్బరాకుల కప్పున్న గది, ముందొక అరుగు. వారం రోజులు ఆకాశమూ సముద్రమూ ఒకటే బూడిద రంగు. మంగళవారమా శుక్రవారమా అని కూడా ఎవరూ అడగలేదు. వాన సన్నబడితే మెలకువ వచ్చేది, జోరందుకుంటే మళ్ళీ కళ్ళు మూతలు పడేవి.

ఆ గదిలో నాతోపాటు ఇంకో అమ్మాయి ఉండేది. నాకంటే ఐదారేళ్ళు చిన్నది, తనూ నాలాగే నెలల తరబడి తిరుగుతోంది. బట్టలు ఆరేసుకోవడానికి ఆఫీసు ఐడీ కార్డు తాడునే కిటికీకి కట్టింది. ఆ తాడు రంగు చూడగానే గుర్తుపట్టాను. హైటెక్ సిటీలో మా ఆఫీసు ఎదురు బిల్డింగ్ వాళ్ళది. ఎక్కడి నుంచి అని అడిగితే హిందీలో హైదరాబాద్ అంది. నేనూ హిందీలోనే హైదరాబాద్ అన్నాను. అక్కడితో ఇద్దరం ఆగిపోయాం.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. నాది గుంటూరు వైపు. హైదరాబాద్ మణికొండలో నాలుగేళ్ళు నాతో గది పంచుకున్న స్నేహితురాలిది కరీంనగర్ వైపు. ఒక బంద్ రోజు మాటా మాటా పెరిగి, "మేం ఆంధ్రావాళ్ళం రాకముందు ఈ రాయదుర్గం గుట్టల మీద రాళ్ళు తప్ప ఏమున్నాయి?" అనేశాను. నా నోటికి అదుపు తక్కువ. తను ఆ వారమే గది మారిపోయింది. ఇప్పుడు తెలుగులో నోరు విప్పితే నా యాసే నేనెటువైపో చెప్పేస్తుంది. ఈ పిల్లదీ అటువైపే అయితే, తననూ పోగొట్టుకోవడం నా వల్ల కాదు. ఆ పిరికితనానికి మర్యాద అని పేరు పెట్టుకున్నాను.

హిందీలో మాత్రం ఎంత హాయిగా ఉన్నామో! తడిసిన పుస్తకాల పేజీలు ఊదుకుంటూ విడదీసేవాళ్ళం. ఒకే దుప్పటి కింద కాళ్ళు ముడుచుకుని సముద్రం చూసేవాళ్ళం. తను నన్ను దీదీ అనేది. ఆ పిలుపు కోసమే వాన ఆగకపోతే బాగుండనుకునేదాన్ని.

నాలుగో రోజో ఐదో రోజో, తను గది అద్దెకిచ్చిన ఇంటావిడ దగ్గర బియ్యప్పిండి అడిగి తెచ్చింది. నువ్వులు, పల్లీలు, ఉల్లిపాయ, కారం వేసి కలిపి, గిన్నెలో పలచగా ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి నూనె పోసి కాల్చింది. సర్వపిండి. తెలంగాణ వంట. మణికొండ గదిలో ఆ స్నేహితురాలు చేస్తే ఎన్ని ఆదివారాలు తిన్నానో! పళ్ళెం నా ముందు పెట్టి నా మొహంలోకే చూస్తూ కూర్చుంది.

"యే క్యా హై?" అన్నాను, అదేమిటో తెలియనట్టు, మహా అమాయకంగా.

తను చూపు పళ్ళెం మీదికి దించుకుంది. ఒక రకం రొట్టె అంది, హిందీలోనే. ఆ తర్వాత దీదీ అనడం తగ్గింది.

వాన తెరిపిచ్చిన పొద్దున తను బయల్దేరింది. తన సంచి మోసుకుంటూ ఆటో దాకా వెళ్ళాను. ఎక్కి కూర్చుని, "అక్కా," అంది, తెలుగులో.

"నువ్వు పగటి నిద్రల తెలుగుల మాట్లాడుతవ్. నీది ఎటు దిక్కో మొదటి దినమే ఎర్కైంది. నాకేం ఫికర్ లేకుండె. సర్వపిండి పేరు నువ్వే జెప్తవని చేసిన."

"అది కాదండీ, నేను..." అన్నాను. వారం రోజులు ఒకే దుప్పటి కప్పుకున్న పిల్లను పట్టుకుని అండీ అట!

తను నవ్వింది. "పైలం అక్కా, మంచిగుండు," అంది. ఆటో వెళ్ళిపోయింది.

అరుగు మీదకు తిరిగొచ్చి చాలాసేపు కూర్చున్నాను. సిగ్గుతో ఒళ్ళంతా మండుతోంది. ఫోన్ తీసి, ఎనిమిది నెలలుగా చేయని నంబరుకు చేశాను. మణికొండ స్నేహితురాలు ఎత్తింది.

"ఆ రోజు రాళ్ళ గురించి నేనన్న మాట తప్పే," అన్నాను, నా గుంటూరు యాసలోనే.

పెట్టేసిందేమో అనుకున్నాను.

"ఏడున్నవే?" అంది చివరికి. "గా చప్పుడేంది?"

"సముద్రమే," అని ఏడ్చేశాను.