నల్లపెట్టె, తెల్లపెట్టె, మధ్యలో మాంద్యం

మెడలో టై, జేబులో పెన్ను ఉంటే లోకం మనదేననుకునే వయసు ఒకటుంటుంది. ఆ రోజుల్లో నాకు ఆ రెండూ ఉండేవి. మద్దిలపాలెంలో ఒక ఎలక్ట్రానిక్స్ షాపులో, టీవీకి తగిలించి ఆడుకునే గేమ్ పెట్టెల కౌంటర్లో సేల్స్‌మన్‌ని. ఒక కంపెనీవాళ్ల నల్లపెట్టె నేను అమ్మాలి, పోటీ కంపెనీవాళ్ల తెల్లపెట్టె పక్కనున్న కుర్రాడు అమ్మాలి. ఒకరినొకరం ‘బావా’ అనుకునేవాళ్లం (చుట్టరికం ఏమీ లేదు, మా విశాఖలో బావ అనడానికి చుట్టరికం అక్కర్లేదు). సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు జీతాలు పడగానే వచ్చి, నలుపా తెలుపా అని కాసేపు కొట్టుకుని, ఏదో ఒకటి పట్టుకుపోయేవారు. మా పని బిల్లు రాయడమే. అదంతా మా మాటకారితనమే అనుకునేవాళ్లం.

అంతలో అమెరికాలో బ్యాంకులు కూలాయని పేపర్లో పడింది. మనకేంటిలే అనుకున్నాను. కొన్నాళ్లకే ఆ మాంద్యం సముద్రాలు దాటి మా షాపులోకొచ్చి ఏసీ కింద నిలబడింది. అదే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు మధ్యాహ్నాలే వచ్చి, డెమో పెట్టెమీద సాయంత్రందాకా ఆడి, “ఆలోచించి చెప్తాం బ్రదర్” అని జారుకునేవారు. చివరికి ఓనరుగారు మా ఇద్దర్నీ పిలిచారు. “ఈ నెల ఎవుడి సరుకు కదల్దో ఆడు ఇంటికెళిపోవాల. ఇద్దరికి జీతాలివ్వడం నా వల్ల కాదు” అన్నారు. ఆ రోజునుంచి బావా నేనూ టీ కూడా వేరువేరు బడ్డీల్లో తాగాం.

ఒక ఆదివారం గోపాలపట్నం నుంచి ఒక కుటుంబం వచ్చింది. తండ్రిది పోర్టులో ఉద్యోగం, కూతురు ఇంటర్ పాసైంది, పాసైతే గేమ్ పెట్టె కొనిస్తానని ఆయన మాటిచ్చాడు. మేమిద్దరం వాళ్లమీద పడ్డాం. తెల్లపెట్టె రెణ్నాళ్ల మురిపెమన్నాను నేను. నల్లపెట్టె కొంటే దాని గేమ్ డిస్కులు కొనలేక సన్యాసం పుచ్చుకోవాలన్నాడు బావ. తల్లి ఓపిగ్గా విని, “ఏటి బాబూ, నువ్వు ఆయనది వద్దంటన్నావు, ఆయన నీది వద్దంటన్నాడు. ఇద్దరూ నిజమే సెప్తన్నట్టున్నారు. పదండి పోదాం” అంది.

ఓనరుగారు క్యాష్ కౌంటర్లోంచి చూస్తున్నారు. ఆ పిల్ల మాత్రం కదల్లేదు. “నాన్నా, ఆ ఫ్యాన్ కింద ఉన్నదేటి?” అంది. అది నల్లపెట్టెకు ముందొచ్చిన పాత మోడల్. కొత్తది వచ్చాక ఎవరూ అడక్కపోతే, టేబుల్ ఫ్యాను ఎత్తుకోసం దాన్ని కింద పెట్టాం. ధర సగం కూడా లేదు. “దీని డిస్కులు మా ఫ్రెండు దగ్గర బోల్డున్నాయి నాన్నా!” తండ్రి ముఖం తేటపడింది. “ఓడలు తగ్గిపోనాయి బాబూ, ఓవర్‌టైం లేదు. పిల్లకి మాటిచ్చీసేను, ఎలాగా అని బెంగెట్టుకున్నాను. ఇదిచ్చీండి” అన్నాడు.

బిల్లు పుస్తకం బావ నావైపు జరిపాడు. “నీ కంపెనీదే గదా. రాసుకో బావా” అన్నాడు, నవ్వబోయి నవ్వలేక. అతని చెల్లెలి కాలేజీ ఫీజు ఆ జీతంలోంచే కట్టాలని నాకు తెలుసు. సేల్స్‌మన్ పేరు దగ్గర ఇద్దరి పేర్లూ రాశాను.

“ఒక పెట్టెకి ఇద్దరేట్రా?” అన్నారు ఓనరుగారు. “గోడౌన్లో రెండు కంపెనీలవీ పాతవి పడున్నాయి గదండీ, అవి ఇద్దరం కలిసి అమ్ముతాం” అన్నాను (ధైర్యం ఎక్కణ్నుంచి వచ్చిందో నాకే తెలీదు). ఓనరుగారు సరేననగానే వాటి దుమ్ము దులిపి ముందువరసలో పెట్టాం. మధ్యాహ్నాలు వచ్చే కుర్రాళ్లే ముందు కొన్నారు. నలుపా తెలుపా అన్న గొడవే పోయింది. నెలాఖరుకి గోడౌన్ ఖాళీ, మా ఉద్యోగాలు పదిలం.

బావకిప్పుడు తగరపువలసలో సొంత షాపుంది. వెళ్లినప్పుడల్లా ఒకే బడ్డీలో టీ తాగుతూ, నల్లది గొప్పా తెల్లది గొప్పా అని మళ్లీ మొదలెడతాం. నిజానికి ఆ రోజుల్లో ఆ రెంటిలో దేన్నీ కొనే స్తోమత మా ఇద్దరికీ లేదు. సొంతం కాని పెట్టెలకోసం చొక్కాలు చించుకోబోయిన ఆ టైల కుర్రాళ్లని తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది.