లాడ్ బజార్‌లో ఆగిపోయిన బ్యాకప్

2022 చలికాలం. లాడ్ బజార్‌లో ఒక గాజుల హోల్‌సేల్ దుకాణం. అక్కడి కంప్యూటర్లు చూసుకునేది నేనే. ఒకరోజు సేటు నన్ను గల్లా దగ్గర కూర్చోబెట్టి గొంతు తగ్గించాడు.

"ఎదురు దుకాణంల మన డిజైను గాజులే అమ్ముతున్నరు. పాత ఫొటోలతోని పోల్చి చూద్దామంటే దీపావళి సంది బ్యాకప్పే లేదు. గిది యూసుఫ్ పనే. నువ్వు ఒక్క మాట చెప్పు, ఇయ్యాలే పనిలకెల్లి పంపిస్త."

యూసుఫ్ భాయ్ డిజైన్లు గీసే మనిషి. తన పెళ్లి కాకముందు నుంచీ ఇక్కడే పని. లోపలి గదిలో తల దించుకుని గీస్తున్నాడు. నిజం చెప్పాలంటే నాకూ అనుమానం వచ్చింది, రోజూ కంప్యూటర్ బంద్ చేసి వెళ్లేది అతనే మరి. అయినా ఈ వృత్తిలో మనిషి కంటే ముందు మిషన్‌ను అనుమానించాలి.

బ్యాకప్ తీసేది నేను రాసిన షెల్ స్క్రిప్ట్, అంటే కంప్యూటర్ వరసగా పాటించే ఆజ్ఞలు. ఏ ఫోల్డర్ కాపీ చేయాలో, ఎక్కడ దాచాలో కాన్ఫిగ్ ఫైల్ అనే చిన్న ఫైల్లో ఉంటుంది. స్క్రిప్ట్ దాన్ని 'సోర్స్' అనే ఆజ్ఞతో తెచ్చుకునేది. సోర్స్‌తో చిక్కేమిటంటే, ఫైల్లో ఏది రాసి ఉన్నా ఆజ్ఞ అనుకుని నడిపించేస్తుంది. 'అన్నీ చెరిపెయ్' అని ఉంటే చెరిపేస్తుంది కూడా. యూసుఫ్ అలాంటిదేదో రాసి ఉంటాడని భయపడుతూనే తెరిచాను.

మొదటి వరుసలో 'శ్రీ' అని ఉంది.

శ్రీ అనే ఆజ్ఞ కంప్యూటర్‌కు ఎక్కడా దొరకలేదు. తప్పు వస్తే ఆగిపొమ్మని నేనే నియమం పెట్టాను కాబట్టి స్క్రిప్ట్ రోజూ అక్కడే ఆగిపోతోంది.

"సేట్, గీ శ్రీ ఎవరు రాసిండ్రు?"

ఆయన ముఖం పాలిపోయింది. "దీపావళికి కొత్త సాలు ఫోల్డర్ పేరు మార్చుమంటివి గదా. పూజ అయినంక మార్చిన. శ్రీ రాయకుంట కొత్త లెక్క ఎట్ల మొదలుపెడ్త?"

సోర్స్ తీసేసి, ఫైల్‌ను ఒక్కో వరుసే చదివేటట్టు మార్చాను. ఫోల్డర్, దాచే చోటు అని నేను ముందే చెప్పిన పేర్లుంటే వాటి విలువ తీసుకుంటుంది, మిగతావి చూసి వదిలేస్తుంది. ఏదీ నడిపించదు.

సేటు గొంతు తగ్గించినా లోపలి గదిలోకి అన్నీ వినిపించాయి. యూసుఫ్ బయటికి వచ్చాడు. "షోకేసుల పెట్టిన గాజులు బజారంత చూస్తది సేట్. నన్నే అడిగితే అయిపోతుండె గదా."

సేటు తల ఎత్తలేదు. నాకూ సిగ్గేసింది. ఏం చేయాలో తోచక శ్రీ చెరపబోయాను. యూసుఫ్ ఆపాడు.

"ఉండనీ భాయ్. సేట్ పూజ చేసి రాసిండు. ఇప్పుడు దాంతోని ఖత్రా లేదు గదా?"

లేదు. ఫైల్లో రాసిందైనా, గల్లా దగ్గర చెవిలో ఊదిందైనా, ముందు చదివి చూడాలి. వెంటనే నడిపించెయ్యకూడదు. ఆ ఫైల్లో మొదటి వరుస ఇప్పటికీ శ్రీయే.