రెండు రింగుల మామగారు

మా మామగారు పోయారు. పోయిన నెలలో ఒక ఆదివారం, అమెరికాలో ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో మా ఇంట్లోనే, భోజనం చేసి కాసేపు నడుం వాలుస్తానని గదిలోకి వెళ్ళి ఇక లేవలేదు. విమానంలో కాదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే పలకరించడానికి ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ మొదట అడిగింది అదే. "కూలిపోయిందా అమ్మా?" లేదండీ, కూలలేదు. ఇన్నేళ్ళు నన్ను హడలగొట్టిన మనిషి చివరికి పరుపు మీద హాయిగా పోయారు. నేను పడ్డ భయమంతా దండగ.

ఆయన మత్తుమందు డాక్టరు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళని నిద్రపుచ్చి, రిటైరయ్యాక మా నిద్ర చెడగొట్టే పని పెట్టుకున్నారు. కాసా గ్రాండే అనే ఊరు దాటాక ఒక చిన్న ఎయిర్‌స్ట్రిప్ ఉంది. టవరూ గివరూ లేవు. ఒక రన్‌వే, కొన్ని షెడ్లు, వాటిని చూసుకునే ఒక ముసలి అమెరికన్, అంతే. అత్తయ్యగారు పోయాక మామగారు అక్కడ పాత రెండు సీట్ల విమానం ఒకటి కొన్నారు. పొద్దున్నే ఫ్లాస్కులో కాఫీ పోసుకుని బయల్దేరేవారు. ఎటు వెళ్తున్నారో మాకు చెప్పరు. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌కీ చెప్పరు.

నన్ను మరీ మండించే సంగతేమిటంటే, అది తప్పు కూడా కాదు. తప్పయితే ఎవరికో ఒకరికి ఫిర్యాదు చేసేదాన్ని. వాతావరణం బాగున్నప్పుడు, పెద్ద ఎయిర్‌పోర్టుల జోలికి పోకుండా, కంటితో చూసుకుంటూ నడుపుకునేవాళ్ళు ఎవరితోనూ మాట్లాడక్కర్లేదట. నమ్మలేక నేనే రూల్స్ తీసి చదివాను. నిజమే.

"కళ్ళున్నాయి, కిటికీ ఉంది, మబ్బు లేదు. ఇంకెవరితో ఏం మాట్లాడాలమ్మా?" అనేవారు.

ఫీనిక్స్ మీదుగా వెళ్తే కంట్రోలర్‌తో మాట్లాడాల్సొస్తుందని, గంటలో అయ్యే ప్రయాణానికి ఊరంతా చుట్టి వెళ్ళేవారు. పెళ్ళిళ్ళలో వాగుడుకాయ చుట్టాన్ని తప్పించుకోవడానికి వంటవాళ్ళ గుమ్మంలోంచి జారుకునే మనిషి, ఆకాశంలో మాత్రం మారతారా?

నేను అడిగింది పెద్ద కోరికేం కాదు. ఎక్కడో కొండల్లో దిగాల్సొచ్చి, కాలు విరిగి పడుంటే, వెతకడానికి ఎటు వెళ్ళాలో మాకు తెలియాలి. అంతే కదా! దానికాయన ఇచ్చిన వరం, రెండు రింగులు. క్షేమంగా దిగాక మా నంబర్‌కి రింగ్ ఇచ్చి, రెండు మోగగానే కట్ చేస్తారు. మేం ఎత్తకూడదు. ఇండియాకి ఫోన్ చేయాలంటే జీతం కరిగిపోయే రోజుల్లో మొదలైన అలవాటు. "ఇప్పుడు కాల్స్ ఫ్రీ మామయ్యగారూ, మాట్లాడొచ్చు" అంటే, "దిగాననేగా నీకు కావాల్సింది? తెలిసిందిగా!" అనేవారు.

ఒకసారి జులైలో దుమ్ము తుఫాను లేచింది. ప్రభుత్వం పంపే హెచ్చరికతో అందరి ఫోన్లూ ఒక్కసారిగా కుయ్యోమన్నాయి. ఆయన పొద్దుననగా వెళ్ళారు, ఫోన్ స్విచాఫ్. మా ఆయన "నాన్నకి తెలుసులే" అంటూ లాప్‌టాప్ లోంచి తలెత్తలేదు. నేను ఎయిర్‌స్ట్రిప్ ముసలాయనకి ఫోన్ చేశాను. పొద్దున్నే వెళ్ళారన్నాడు. ఎటు వెళ్ళారని అడిగాను.

"పైకి" అన్నాడు.

వాళ్ళిద్దరికీ స్నేహం ఎలా కుదిరిందో నాకు అప్పుడర్థమైంది. సాయంత్రం దాకా ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చున్నాక, రెండు రింగులు. ఈసారి వదల్లేదు, వెంటనే తిరిగి చేశాను. ఎక్కడో సాఫర్డ్ అనే ఊరి దగ్గర దిగి, హోటల్లో కూర్చుని యాపిల్ పై తింటున్నారట!

"దుమ్ము అంత దూరం నుంచే కనిపించిందమ్మా. కనిపించింది కాబట్టే ఇటు వచ్చేశాను."

"రేడియోలో ఎవరికైనా ఒక్క ముక్క చెప్పొచ్చు కదా?"

"చెప్పేలోగా దిగేశాను."

మర్నాడు ఇంటికొస్తే, ఆయనకిష్టమైన గోంగూర పచ్చడి టేబుల్ మీద పెట్టలేదు. ఆయన అడగనూ లేదు.

ఈయనగారి సంగతేమిటో చూద్దామని ఒకసారి నేనే పక్క సీట్లో ఎక్కాను. గాల్లోకి లేచిన కాసేపటికి ఆయన రేడియో అందుకుని కంట్రోలర్‌ని పిలిచారు. ఎక్కడున్నామో, ఎటు వెళ్తున్నామో చెప్పి, తోవంతా మమ్మల్ని రేడార్‌లో కనిపెట్టి ఉండమని అడిగారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఆపరేషన్ థియేటర్లో గొంతు అయ్యుంటుంది.

"ఇంత బాగా వచ్చా మీకు?" అన్నాను, ఒళ్ళు మండి.

"పక్కన మనిషి ఉంటే చెప్పాలమ్మా. అది వేరు."

"ఒక్కరే ఉన్నప్పుడు?"

"ముప్ఫై ఏళ్ళు నడుముకి పేజర్ కట్టుకుని తిరిగాను. అది మోగిందంటే ఎక్కడో ఎవరికో ప్రాణం మీదికొచ్చినట్టు. ఇక్కడ ఏదీ మోగదు. నేనొక్కణ్ణే అయితే, పోతే నేనే కదా!"

"మరి మా సంగతి?"

ఆయన కిటికీలోంచి కిందకి చూశారు, రూలు ప్రకారం. నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆయన ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి నా చేతికిచ్చారు.

అస్థికల గురించి కూడా ముందే తేల్చేశారు. "నన్ను సూట్‌కేసులో పెట్టి కస్టమ్స్ దాటించొద్దు. ఇక్కడే, పైనుంచి." గోదావరిలో కలపకపోతే ఎలాగని రాజమండ్రి నుంచి వచ్చిన ఫోన్లన్నీ నేనే ఎత్తాను. పోతూ పోతూ ఆ పని కూడా నాకే అంటగట్టారు. కర్మకాండ అంతా మా ఆయన చేశాడు కానీ, చిన్న విమానమంటే అతనికి కడుపులో తిప్పుతుంది. వాళ్ళ నాన్న ఫోన్‌కి ఇంకా పలకరింపులు వస్తున్నాయని, అది చేత్తో పట్టుకుని ఇంట్లోనే ఉండిపోయాడు.

నన్ను ఎయిర్‌స్ట్రిప్ ముసలాయన తీసుకెళ్ళాడు, మామగారి విమానంలోనే. ఒడిలో ఆయన ఉన్నారు. లేచాక ముసలాయన రేడియో మీద చెయ్యి వేసి, "కంట్రోలర్‌కి చెప్పమంటావా?" అని అడిగాడు. ఇన్నేళ్ళు నేను మొత్తుకున్నది ఆ ఒక్క మాట కోసమే.

"వద్దు" అన్నాను.

ఆకాశంలో మబ్బు లేదు. ఎవరికీ చెప్పకుండా వెళ్ళి, పని ముగించుకుని తిరిగొచ్చాం.

దిగాక రన్‌వే పక్కన నిలబడి మామయ్యగారి నంబర్ నొక్కాను. రెండు రింగులు మోగనిచ్చి కట్ చేశాను.

ఇంటికొచ్చేసరికి మా ఆయన గరాజ్ ముందే నిలబడి ఉన్నాడు. ఎత్తకుండా ఉంచిన ఆ ఫోన్ నాకు చూపించాడు.

"వచ్చింది" అన్నాడు.