అరవని కుక్క

ఆ కుక్కని నేను అబద్ధం చెప్పి తెచ్చుకున్నాను.

పలాసలో రైలు పట్టాల అవతల, మూతపడిన జీడిపప్పు గోడౌనులో ఒక రిటైర్డు నర్సు దిక్కులేని కుక్కలకి షెల్టరు నడుపుతుంది. నేను లోపలికి వెళ్ళగానే ఇరవై కుక్కలు మొరుగుతూ నా చీర మీదికి ఎగబడ్డాయి. ఒక్కటి మాత్రం మూలన, గోడవైపు మొహం పెట్టుకుని కూర్చుంది. గోధుమరంగు ఆడకుక్క. వీపు మీద అరచెయ్యంత మేర బొచ్చు లేదు. ఎవరో కట్టేసి వేడి నూనె పోశారట.

"మనిషి గొంతు గట్టిగా వినిపిస్తే చాలమ్మా, ఉచ్చ పోసేసుకుంటాది," అంది నర్సమ్మ. "మనుషుల్ని నమ్మడానికి ఆరు నెలలు పడతాదో, ఏడాది పడతాదో. తొందర పెట్టకూడదు. పెద్ద శబ్దాలు అసలు చెయ్యకూడదు. కాపలాకైతే ఇది వద్దు, ఇంకోటి తీసుకెళ్ళండి."

"కాపలాకి కాదండీ, పెంచుకోడానికే," అన్నాను, రెప్పయినా ఆర్పకుండా.

కాపలాకే. ఉద్దానంలో మాకు జీడిమామిడి, కొబ్బరి, పనస కలిసిన తోట ఉంది. పళ్ళు పండే కాలానికి ఎలుగుబంట్లు దిగుతాయి. రాలిన జీడిపిక్కలు ఏరుకోడానికి తెల్లారుతూనే తోటకి వెళ్ళాలి, అప్పుడే ఎలుగులూ ఉంటాయి. అందుకని మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ముందు కుక్క వెళ్ళాలి. కుక్క అరిచిందంటే పొదల్లో ఏదో ఉన్నట్టు. అందరం గట్టు మీదే ఆగిపోయి, ఒక దీపావళి బాంబు పేల్చి, కాసేపు చూసి అప్పుడు దిగుతాం. అరవకపోతే ధైర్యంగా దిగిపోతాం. అరవని కుక్కని నమ్ముకుని తోటలోకి దిగడమంటే చావుని వెతుక్కుంటూ వెళ్ళడమే. మా పాత కుక్కని కిందటేడు ఎలుగు చీల్చేసింది కాబట్టే కొత్తది కావలసి వచ్చింది.

మరి అరిచే కుక్కలు ఇరవై ఉండగా దీన్నే ఎందుకు తెచ్చానంటే, పొగరు. పదిహేనేళ్ళుగా ఒకటో తరగతికి పాఠాలు చెప్తున్నాను. బల్ల కింద దూరి ఏడ్చే గుంటపిల్లల్ని ఎంతమందినో ఒళ్ళోకి లాక్కుని అక్షరాలు దిద్దించాను. ఆఫ్టరాల్ కుక్క, దీనిదేముందిలే అనుకున్నాను.

ఇంటికి తేగానే అది పెరట్లో కొబ్బరిపీచు పోగు వెనక్కి దూరిపోయింది. మా మావ, అంటే నా భర్త తండ్రి, వంగి చూశాడు.

"ఏటమ్మా, కుక్కని తెమ్మంటే కుందేలుని తెచ్చినావు?"

"అలవాటవుతుంది మావా."

"పిక్కలు రాలేదాకా సూత్తాను. అప్పటికి అరిసిందా, ఉంటాది. అరవనేదనుకో, నౌపడ ఉప్పుమళ్ళల్లో ఒగ్గేసొచ్చేత్తాను."

ఉప్పుమళ్ళల్లో తాగడానికి నీటిచుక్క దొరకదు. మావ ఊరికే అనే మనిషి కాదు. ఇంట్లో ఈనిన పిల్లిని పిల్లలతో సహా గోనెసంచిలో వేసి అక్కడే వదిలొచ్చాడు. అలాగని దుర్మార్గుడూ కాదు. ఎలుగు పంజా దెబ్బకి ఎడమ చెవి పోగొట్టుకున్న మనిషి. అరవని కుక్కకి అన్నం పెట్టమంటే ఆయనకి ఎలా మనసొప్పుతుంది?

పందెం కట్టినట్టు పట్టుపట్టాను నేను. బడి నుంచి రాగానే పోగు పక్కన, కుక్కకి వీపు పెట్టి కూర్చునేదాన్ని. పిల్లల నోటు పుస్తకాలు దిద్దుకుంటూ, వెనక్కి చూడకుండా, చేపల తలకాయలు కలిపిన అన్నం ముద్దలు ఒక్కొక్కటే వెనక్కి జార్చేదాన్ని. మొదటి వారం ముద్దలకి చీమలే పట్టాయి. తర్వాత నేను లేచి వెళ్ళాక తినేది. మరో పదిహేను రోజులకి నేనుండగానే తినడం మొదలుపెట్టింది. పక్కింటావిడ గోడ మీంచి చూసి, "టీచరమ్మా, కుక్కకి ట్యూషనేటి?" అని నవ్వేది. మా ఆయనైతే, "నా మీద ఎప్పుడైనా ఇంత ఓపిక పట్టినావేటి?" అనేవాడు.

రెండు నెలలు దాటాక ఒక సాయంత్రం మోకాలి మీద ఏదో బరువుగా తగిలింది. చూస్తే దాని గడ్డం. దిద్దుతున్న పుస్తకం పక్కన పెట్టాను. బొచ్చులేని ఆ వీపు మీద వేళ్ళు ఆనించాను. వణికింది గానీ పోలేదు. ఏడుపొచ్చేసింది నాకు, చెప్పుకోడానికి సిగ్గేమీ లేదు. ఆ రోజు నుంచి నా అడుగుల చప్పుడు వింటే పోగు వెనక నుంచి తనే వచ్చేది. ఇంకెవరు పిలిచినా వచ్చేది కాదు.

కానీ అరవలేదు. పిల్లి ఎదురొచ్చినా, పోస్టుమాన్ వచ్చినా కిక్కురుమనలేదు.

పిక్కలు రాలడం మొదలైంది. "ఆదివారం తోటకెల్దాం," అన్నాడు మావ. ఇంక నాలుగు రోజులు. నాకు పిచ్చెక్కినంత పనైంది. పెరట్లో దాని ముందు కూర్చుని నేనే భౌ భౌమని అరిచాను. గిన్నెలు చరిచాను. అది బిత్తరపోయి చూసింది తప్ప నోరు విప్పలేదు. "అరవ్వే, నీ పుణ్యముంటుంది, ఒక్కసారి అరువు!" అని బతిమాలాను. ఆఖరికి కోపం వచ్చేసింది. ఇంత చేసినదాన్ని, నాకోసం ఇదొక్కటి చెయ్యలేవా అని కుక్క మీద కోపం! ఎంత బుద్ధిహీనురాలినో.

శనివారం పొద్దున్న మా ఆయన బాంబులు పట్టుకొచ్చాడు. తోటకి తీసుకెళ్ళే ప్రతి కుక్కకీ మా ఊళ్ళో చేసేదే అది. ఒకరు కదలకుండా పట్టుకుంటారు, ఒకరు పక్కనే పేలుస్తారు. "మూడు బాంబులకి బెదురు పోతాది. ఆ మీద అదే అరుత్తాది," అన్నాడు. ఎవరు పట్టుకోవాలి? ఎవరు దగ్గరికి వెళ్ళినా అది అందదు. నాకొక్కదానికే అందుతుంది. నర్సమ్మ మాట గుర్తు లేదని అబద్ధమాడను. గుర్తుంది. ఉప్పుమళ్ళ కన్నా ఇది నయం కదా అని సర్దిచెప్పుకున్నాను.

పిలిచాను. తోకూపుకుంటూ వచ్చింది. మెడ పట్టుకుని మోకాళ్ళ మధ్య ఇరికించాను.

మొదటి బాంబుకి దాని ఒళ్ళంతా కర్రలా బిగుసుకుపోయింది, నా చీర తడిసిపోయింది. రెండోదానికి పారిపోబోలేదు. నా ఒళ్ళోకే దూరింది, తలంతా నా చంకలో దాచుకుంది. కాపాడమని. నన్నే! నేను పట్టు వదలలేదు. చేతులు ఇంకా బిగించాను. మూడోది పేలాక తలెత్తింది. తన మెడ చుట్టూ ఉన్న చేతుల్ని చూసింది. తర్వాత నా మొహంలోకి చూసి అరిచింది.

"అరిసిందిరా! అరిసింది!" అని మావ అరుగు మీంచి చప్పట్లు కొట్టాడు.

ఉప్పుమళ్ళ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. కుక్క తోటకి వెళ్ళసాగింది, మావతో. బాంబులప్పుడు దాని దగ్గరికి రాని మనిషి ఆయనొక్కడే కదా, ఆయన మంచం కిందే పడుకోవడం మొదలుపెట్టింది. నాలుగో రోజు నిజంగానే పనస చెట్ల కింద ఎలుగుంది. కుక్క అరిచింది, అందరూ ఆగిపోయారు, బాంబు పేల్చారు, ఎలుగు వెళ్ళిపోయింది. పేలినంతసేపూ కుక్క మావ కాళ్ళ మధ్య నక్కి ఉందట. మావ ఊరంతా చెప్పుకున్నాడు. తన గిన్నెలోంచి తీసి చేప ముక్క పెట్టాడు దానికి.

నేను పెరట్లోకి వస్తే మాత్రం అరుస్తుంది. అన్నం పట్టుకొస్తే అరుస్తుంది, ఉత్త చేతులతో వచ్చినా అరుస్తుంది. గిన్నె పెట్టి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాకే తింటుంది. మళ్ళీ పోగు పక్కన, కుక్కకి వీపు పెట్టి కూర్చుని చూశాను, ఒక వారం కాదు, వేసవి సెలవులన్నీ. గొంతు బొంగురుపోయేదాకా అరిచేది.

ఆ సెలవుల్లో ఒక పొద్దున్న నేనూ పిక్కలేరడానికి బయల్దేరాను. ముందు కుక్క, వెనక మావ, మా ఆయన, ఆఖర్న నేను. గట్టు ఎక్కామో లేదో కుక్క వెనక్కి తిరిగి ఒకటే అరుపు. అందరూ ఆగారు. బాంబు పేల్చారు. చూశారు. ఏమీ లేదు. పది అడుగులు వేశాక మళ్ళీ అరుపు, మళ్ళీ బాంబు. మూడోసారికి మావ చేతికర్ర నేలకి కొట్టి నావైపు తిరిగాడు. కోప్పడలేదు. మామూలుగానే అన్నాడు.

"నువ్వింటికెల్లిపోమ్మా. ఇది అరిస్తే ఎలుగొచ్చిందో, నువ్వొచ్చినావో తెలవట్లేదు."

బుట్ట మా ఆయనకిచ్చేసి వెనక్కి తిరిగాను. నేను గట్టు దిగి రోడ్డెక్కాక గానీ కుక్క అరుపు ఆపలేదు. అప్పుడు వాళ్ళు తోటలోకి దిగారు.