బెల్ పడందే కదలని బండి

ఆమె కండక్టరు. బస్సులో అందరికీ టికెట్టక్క. తలకు దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరాక ఆ పిలుపు లేదు. చెల్లెలు కొన్నాళ్లు దగ్గరుండి, తర్వాత ఫోనుతో సరిపెట్టింది. అద్దె గదిలో ఆమెను పలకరించేది కుక్కర్ ఒక్కటే.

ఎలా పడిందో అక్కకు గుర్తు లేదు. ఎడమ చెయ్యి లేవడం లేదని డాక్టరు చెబితే నవ్వేసేది. లేస్తోందనే ఆమె నమ్మకం. ఆమెకు కావలసింది మళ్లీ డ్యూటీ. బస్సులో తప్ప ఆమెకు మనుషులు లేరు.

ఆసుపత్రి హాల్లో ఇలాంటి రోగులకు డాన్సు నేర్పేవారు. అక్క కాళ్లు ఎడంగా పెట్టి, తుంటి గోడకు ఆనించి ఊగేది.

"ఇదేం డాన్సక్కా?" అంది టీచరు.

"నిలబడటం. కదిలే బండిలో నిలబడి చూడు, తెలుస్తుంది."

టీచరుకు అది నచ్చింది. అక్కతో ఏళ్ల తరబడి బండి నడిపిన డ్రైవరును పిలిపించింది. ఆయన పెద్ద అద్దం ముందు కుర్చీ వేసుకుని, లేని స్టీరింగు పట్టుకున్నాడు. పాట మొదలైంది. ఆయన బ్రేకు తొక్కేలోపే అక్క నడుము వెనక్కి ఒరిగింది. స్టాపులో జనం ఎక్కినట్టు అనుకున్నారు. కుడిచేతిలో టికెట్లు కదా, బెల్ తాడు ఎప్పుడూ ఎడమచేత్తోనే లాగేది. లాగింది. ఆయన కదల్లేదు.

"పోనీ బాబాయ్. నిద్రపోయావా?"

"బెల్ పడలేదమ్మాయ్."

"కొట్టాను. చెవుడొచ్చిందా నీకు?"

"అద్దంలో చూస్తూనే ఉన్నా. నువ్వు బెల్ కొట్టకుండా నేనెప్పుడైనా కదిలానా?"

ఎప్పుడూ కదల్లేదు. డాక్టరు మాట కొట్టిపారేసినట్టు ఈ మాట కొట్టిపారేయడం కుదరలేదు. అక్క అద్దంలోకి చూసింది. తాడుండే చోట చెయ్యి లేదు. అది తొడ పక్కన, ఎవరిదో అన్నట్టు వేలాడుతోంది.

టీచరు పాట ఆపేసింది.

"పడిన రోజు మాత్రం కొట్టాను, ఇప్పుడు గుర్తొస్తోంది" అంది అక్క. "దిగి జనాన్ని ఎక్కించాను. నా కాలొకటి ఇంకా మెట్టు మీదే ఉంది. తొందరపడి కొట్టేశాను."

"కొట్టావు" అన్నాడాయన. "అందుకే కదిలాను."

ఆయన చేతులు ఇంకా స్టీరింగు పట్టుకునే ఉన్నాయి.

"కొత్త కండక్టరు ఎలా కొడతాడు?" అడిగింది అక్క.

"పగబట్టినట్టు."

"కొట్టనీ. అక్క వస్తుంది, వస్తుందని డిపోలో చెప్పకిక."

ఆయన వెళ్లిపోయాడు. అక్క అద్దం ముందే నిలబడి, కుడిచేత్తో ఎడమచేతిని తాడుండే ఎత్తుకు తీసుకెళ్లి వదిలింది. పడిపోయింది. పడటం ఈసారి చూసింది. మళ్లీ ఎత్తింది.