వదిన వదిలి వెళ్లిన నేలసంపెంగ దుంపలు

అన్న ప్రాణం తీసింది నా చెయ్యే. ఈ మాట పైకి చెప్పడానికి నాకు ఏడాదికి పైగా పట్టింది.

అన్న అంటే తోడబుట్టినవాడు కాదు. శ్రీకాకుళం వైపు మా పక్క ఊరివాడు. అరవైల మధ్యలో భిలాయిలో పనులున్నాయని నన్ను రైలెక్కించి తీసుకొచ్చాడు. క్యాంప్ 1 అనే కూలీల బస్తీలో తన గదిని ఆనుకునే నాకో గది చూపించాడు. ఇద్దరం ఒక చిన్న కంట్రాక్టరు దగ్గర ఇనుప పైపులు దించేవాళ్లం. పైపులకు గొలుసు చుట్టడం అతని పని. కింద నిలబడి క్రేను డ్రైవరుకు చేత్తో సైగ చెయ్యడం నా పని. ఆ రోజు ఎవరో వెనకనుంచి పిలిస్తే అటు తల తిప్పాను. అన్న పక్కకు తప్పుకున్నాడో లేదో చూడకుండానే ఎత్తమని సైగ చేశాను. అతనింకా గొలుసు బిగిస్తుండగానే పైపులు లేచి, ఒరిగి అతని మీద పడ్డాయి.

గొలుసు జారిందని అందరూ అనుకున్నారు. నేను నోరు విప్పలేదు.

కర్మ అయ్యాక వదిన బిడ్డను తీసుకుని ఊరికి బయల్దేరింది. అన్న రేకు పెట్టె నా గదిలో పెట్టి, ఒక గోనె సంచి నా ముందు దించింది. గుమ్మం పక్కన తను పెంచుకున్న నేలసంపెంగ దుంపలు. చలికాలమని తవ్వి ఆరబెట్టుకుంది.

“మోసుకెల్లలేను బాబూ. పారేద్దారంటే మనసు రాట్లేదు. సలి తగ్గినాక పాతు” అంది. నా ముఖంలోకి చూసి, “నువ్వు తిండి మానీకు” అని కూడా అంది. ఆ మాటకు నేను చచ్చినంత పనయింది.

క్రేను పని వదిలేసి దగ్గర్లోని జాముల్ ఫ్యాక్టరీలో సిమెంటు బస్తాలు మొయ్యడానికి కుదిరాను. ఎవరితోనూ మాట్లాడేవాణ్ణి కాదు. సంచి కంటపడినప్పుడల్లా గదిలోంచి బయటికి వచ్చేసేవాణ్ణి. శివరాత్రి దాటాక, దాన్ని కళ్లముందు నుంచి తప్పించడానికే, గది వెనక ఎర్ర గరప నేలను గునపంతో పగలగొట్టి దుంపలు పాతాను. రోజూ రెండు బకెట్లు నీళ్లు పోసేవాణ్ణి.

పక్కనున్న కోహ్కా ఊరినుంచి కూరగాయలు తెచ్చే ముసలమ్మ ఒకరోజు అది చూసింది. “అత్తిక్ పానీ? సడ్ జాహీ, భయ్యా” అంది. ఇన్ని నీళ్లు పోస్తే కుళ్లిపోతాయని. గబగబా తవ్వి చూశాను. సగం మెత్తగా జావలా చేతికంటుకున్నాయి. ఒకటే కంపు. అన్న పాడె మోసినప్పుడు రాని ఏడుపు, ఆ కుళ్లిన దుంపలు పట్టుకుంటే వచ్చింది. ముసలమ్మ తట్ట దించి నా పక్కన కూర్చుని, మంచివాటిని ఏరి నీడన ఆరబెట్టింది. వారం పోయాక వచ్చి, మళ్లీ ఎలా పాతాలో చూపించింది.

మొలక వచ్చేదాకా నీళ్లు ఆపడం నేర్చుకున్నాను. వడగాలికి ఊరంతా మాడిపోతుంటే ఆ నేలలోంచి గడ్డి పోచల్లాంటి పచ్చని ఆకులు లేచాయి. తెల్లవారుతూనే వాటి ముందు కూర్చుని, రాత్రి పడిన దుమ్మును తడిగుడ్డతో తుడిచేవాణ్ణి. మనసు కుదుటపడిందని అనను. నువ్వే చంపావని లోపల నన్ను తినేసే గొంతు కాసేపు నోరు మూసుకునేది. దూరాన ఫ్యాక్టరీ సైరను కూసేది, ఎక్కడో పిట్ట అరిచేది, నేను మట్టి గుల్ల చేసుకుంటూ ఉండేవాణ్ణి. ఆ గంటసేపు హాయిగా ఉందని తోచగానే సిగ్గేసేది. ఆ హాయి అన్నకు లేదు కదా.

మరుసటి ఏడు తొలకరికి కాస్త ముందు వదిన పెట్టె కోసం వచ్చింది. తోడు వచ్చిన ఆమె తమ్ముడు బండి మాట్లాడటానికి వెళ్లాడు. గది వెనక కాడల నిండా పువ్వులు విచ్చి ఉన్నాయి. ఆమె వాటికేసి చూస్తూ, “బాగా పెంచినావు” అంది.

ఇక దాచలేకపోయాను. “వదినా, గొలుసు జారలేదు. నానే సూడకుండా సైగ సేసినాను.”

ఆమె పువ్వుల మీదనుంచి చూపు నావైపు తిప్పింది.

“ఏటన్నావు?”

మళ్లీ చెప్పాను.

“మరి ఇన్నాళ్లూ ఎందుకు సెప్పలేదు?”

“బయపడిపోనాను.”

“నువ్వు బయపడిపోనావు” అంది మెల్లగా. “గొలుసు సరిగ్గా కట్టుకోనేదని మా మావ నా బిడ్డ ముందే సచ్చిన కొడుకుని తిట్టినాడు. సచ్చిపోయినోడిదే తప్పని ఊరంతా అంది. నానూ నమ్మీసినాను.”

అది నాకు తట్టనే లేదు. నేను నోరు మూసుకుంటే తప్పు ఎవరి మీదా పడకుండా గాలిలో కలిసిపోతుందనుకున్నాను. అది పోయి అన్న మీద పడింది.

కాళ్ల మీద పడబోతే వెనక్కి జరిగింది. “నాకాడ కాదు. మా మావకి రాయి. నలుగురూ ఇనేలాగ రాయి.” పువ్వులు కోసిస్తానంటే వద్దంది. తమ్ముడు వచ్చి పెట్టె ఎత్తుకున్నాడు. సందు మలుపు తిరిగేదాకా ఆమె వెనక్కి చూడలేదు.

ఆ మధ్యాహ్నమే ఉత్తరం రాశాను. అందరి ముందూ చదివించమని పైన రాశాను. జవాబు రాలేదు. చదివించారని మాత్రం ఆ ఏడు ఊరినుంచి వచ్చిన మావాడొకడు చెప్పాడు. మా అమ్మ నలుగురికీ ముఖం చూపలేక బజారుకు వెళ్లడం మానేసిందని కూడా అతనే చెప్పాడు.